తగ్గినట్టున్నది

టీవీ చప్పుడు ఉన్నట్టుండి పెద్దదయింది. వంటింటి గడప మీద కూర్చుని పచ్చి కందికాయలు ఒలుస్తున్న దయమ్మ చేతులు ఆగిపోయాయి. లోపలి గదిలో మనవరాలు షెకినా ఒక్కతే ఉంది. శనివారం ఒంటిపూట బడి, అన్నం తిని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది, ఎనిమిదేళ్ల పిల్ల బొమ్మల సినిమా చూసుకుంటే తప్పేముంది, అందులో ఒక కోతి ఏదో అంటోంది, ఇంకో కోతి పగలబడి నవ్వుతోంది, ఆ నవ్వు వంటింటి గిన్నెల దాకా వస్తోంది. కాని దయమ్మ చెవి ఆ నవ్వు మీద లేదు, ఆ నవ్వు కింద ఏం కప్పబడి ఉందో దాని మీద ఉంది. పొద్దున్నుంచి పక్కింటి జగదేవి మిద్దె మీద మంగళగి ఊరి నుంచి వచ్చిన కందులు చెరుగుతోంది, గాలి ఇటే వీస్తోంది, సన్నటి పొట్టు కిటికీ ఊచల మీద పసుపు చల్లినట్టు పడి ఉంది. అది చూసింది కూడా. కిటికీ మూయాలని లేచింది, అంతలో పాలు పొంగాయి, అటు పోయింది, మరిచింది. ఎట్లా మరిచింది, అన్నీ మరిచినా అది ఎట్లా మరిచింది.

టీవీ పెద్దగా పెడితే దానికి ఒక అర్థం ఉందని మొన్నటిదాకా ఆమెకు తెలియదు. కిందటి నెల దవాఖానలో, పిల్ల ముక్కుకు ఆవిరి మందు గొట్టం పెట్టి, చేతికి సూది గుచ్చి, రెండు రోజులకు కాస్త తేరుకున్నాక, పిల్లల డాక్టరమ్మ అందరినీ బయటికి పంపి మంచం పక్కన కూర్చుని అడిగిందట, ఇంత ముదిరేదాకా ఎందుకు చెప్పలేదమ్మా అని. చెప్తే అవ్వ దవాఖానకు తీస్కపోతది, ఆడ సూది గుచ్చుతరు, గందుకే దిండుకు ఆనుకొని కూసుంట, టీవీ పెద్దగ పెడ్త, అవ్వకు ఇనపడది అని చెప్పిందట పిల్ల. డాక్టరమ్మ ఆ మాట వసారాలోకి వచ్చి దయమ్మ ముందూ కోడలు రిబ్కా ముందూ మెల్లగా చెప్పింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మీరు భయపడి పరుగెత్తుకుని వస్తున్నారు, పాప భయపడి దాచుకుంటోంది, ఈ రెండు భయాల మధ్య జబ్బు ముదురుతోంది అంది. రిబ్కా తల వంచుకుంది. దయమ్మ మాత్రం డాక్టరమ్మ మెడలోని గొట్టం వైపే చూస్తూ నిలబడింది, ఆ గొట్టం చెవికి పెట్టుకుంటే ఎవరి ఊపిరైనా వినొచ్చు, గోడ అవతలిదీ, ఏళ్ల అవతలిదీ, వినొచ్చేమో అనిపించింది ఆ క్షణాన, పిచ్చి ఆలోచన.

పరుగెత్తిన మాట నిజం. షెకినాకు మూడేళ్లప్పుడు మొదటిసారి ఛాతీలో పిల్లికూత వినబడిన రోజు మొదలు ఆమె పరుగెత్తుతూనే ఉంది. కాస్త దగ్గితే చాలు, గల్లీ చివర నవనాథ్ ఆటో. ఐస్‌క్రీం తినిపిస్తానని ఒకసారి, కొత్త చెప్పులు కొనిస్తానని ఒకసారి, కోట చూపిస్తానని ఇంకోసారి ఎక్కించింది, ఎక్కించిన ప్రతిసారీ ఆ ఆటో దవాఖాన ముందే ఆగింది, తర్వాత తర్వాత ఆటో చప్పుడు వింటేనే పిల్ల గేటు ఊచ పట్టుకుని వదిలేది కాదు, ఆ చిన్న వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది తనే. ఊచ నుంచి విడదీస్తుంటే అవి షెకినా వేళ్లలా అనిపించేవి కావు. అది ఎవరికీ చెప్పలేదు. రోజూ రెండు పూటలా పీల్చాల్సిన మందు ఒకటి డాక్టరమ్మ అంతకు ముందే రాసిచ్చింది, మట్టిరంగు డబ్బా, జబ్బు రాకుండా లోపల లోపలే కాపు కాసేదట అది. ఈ పీల్చే పంపు అలవాటైతే జన్మంతా వదలదని ఎవరో అంటే నమ్మి, రిబ్కా బడిలో పనికి పోయాక పొద్దుటి పూట పీల్పించడం తనే ఎగ్గొట్టేది. బాగున్న పిల్లకు మందెందుకు అనుకునేది. బాగుండటమే ఆ మందు పని అని కిందటి నెల తెలిసింది. ఆ రోజు నుంచి ఒక్క పూట తప్పలేదు, పీల్పించి నోరు పుక్కిలింపించేదాకా పక్కనే నిలబడుతోంది, దోమల చుట్ట వెలిగించడం మానేసింది, స్నానాల నీళ్లకు కట్టెలు మండించే బాయిలర్‌ను కొడుకు విద్యాసాగర్ చేత పాత ఇనుము వాడికి వేయించింది. నెల రోజులు పిల్ల దగ్గు లేకుండా నిద్రపోయింది. ఇవాళ పొద్దున రిబ్కా తన మేనమామ చావుకు మంగళగి పోతూ, అత్తమ్మా, ఏమన్నైతే ముందుగల్ల నీలం డబ్బా పీల్పియ్యి, గుర్తున్నదా, అని అడిగితే, గుర్తున్నది పో బిడ్డా, అంది. విద్యాసాగర్ హుమ్నాబాద్‌లో డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో ఇప్పుడు తనూ పిల్లా.

తనూ పిల్లా, ఇంకొకడు.

లేచి తలుపు నెట్టింది. లోపల గొళ్లెం పెట్టి ఉంది.

"షెకినా, తలుపు తియ్యి బిడ్డా."

"ఏం లేదవ్వా." కాస్త ఆగి, "సినిమా... చూస్తున్న."

సినిమా అన్నాక ఆగింది. ఆ ఆగిన చోట ఒక ఊపిరి లోపలికి పోయింది. కోతి నవ్వు కింది నుంచి కూడా దయమ్మకు అది వినబడింది, సన్నటి ఈల, చిరుగు పడిన తిత్తిలోంచి గాలి పోతున్నట్టు. ఫోను, నవనాథ్, ఆటో, ఆమె చెయ్యి అప్పటికే కొంగున కట్టిన ఫోను విప్పుతోంది, మనసు కంటే చెయ్యే ముందు పరుగెత్తుతుంది ఎప్పుడూ. వద్దు. ముందు నీలం డబ్బా. డబ్బా అలమరలో ఉంది, అలమర బయట ఉంది, పిల్ల లోపల ఉంది. తలుపు పగలగొట్టిస్తే? పగలగొట్టి ఎత్తుకుపోతే ఇవాళ్టికి దక్కుతుంది, రేపు ఇంకా లోపలి గదిలో, ఇంకా గట్టి గొళ్లెం వెనక దాక్కుంటుంది.

కుశనూర్‌లో వాళ్ల ఇంటికి గొళ్లెమే ఉండేది కాదు. రేకుల ఇల్లు, వానకు రేకులు మోగుతుంటే పక్కన మనిషి మాట వినబడదు, ఆ మోతలో కూడా కొడుకు ఎబినేజర్ ఊపిరి వినబడేది. ఎబి అని పిలిచేవాళ్లు. ఏడేళ్లు. ఊళ్లో పిల్లలంతా వాగు దగ్గర ఆడుకుంటుంటే వాడు గట్టు మీద కూర్చుని ఎవరు గెలిచారో అరిచి చెప్పేవాడు, చెప్పడంలోనే ఆటంతా ఆడేవాడు. ఆ ఏడు వానలు వదలలేదు. మూడు రోజులు కర్పూరం కాచిన నూనె రాస్తూ కూర్చుంది, ఒడిలో నిటారుగా కూర్చోబెట్టుకుని, వాడి వీపు తన ఛాతీకి ఆనించుకుని, వాడు పీల్చినప్పుడు తను పీలుస్తూ, తన ఊపిరి వాడికి పోతుందన్నట్టు. వాగు పొంగి బస్సు రాలేదు. నాలుగోనాడు పొద్దెక్కాక జొన్న మూటలు వేసుకుని ఔరాద్ పోతున్న టెంపో దొరికింది. మూటల మీద ఎక్కారు, భర్త రాజన్న గొడుగు పట్టాడు. దారంతా ఆ కూత, టెంపో కుదుపుకు తెగిపోతూ మళ్లీ అతుక్కుంటూ. సగం దారిలో కూత ఆగింది. మెల్లగా, ఎవరో ఇంకో ఊరికి నడిచి వెళ్లిపోతున్నట్టు, సన్నబడి సన్నబడి ఆగింది. రాజన్న వంగి చూసి, "తగ్గినట్టున్నది," అన్నాడు. దయమ్మకు ఎంత సంతోషమైందో. వాడి తల మీది తడి కొంగుతో తుడిచింది. మెతుకు ముట్టి మూడు రోజులైంది, ఔరాద్‌లో దిగగానే వేడిగా పాలు తాగించాలి, బన్ను ముంచి పెట్టాలి, అనుకుంది, ఏ దుకాణంలో బన్ను మెత్తగా ఉంటుందో కూడా ఆలోచించింది. ఆ ఆలోచన పూర్తయ్యేసరికి వాడు లేడు. ఛాతీలో గాలి ఆడటమే ఆగిపోతే కూతలు కూడా ఆగిపోతాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రాజన్నకూ ఎవరూ చెప్పలేదు. ఆయన ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా బతికాడు, జ్వరమొచ్చినా, అప్పు తీరినా, వాన వెలిసినా తగ్గింది అన్న మాట మళ్లీ నోట పలకలేదు. ఆమెకు మిగిలింది ఏడుపు కాదు, ఆ సంతోషం. మూటల మీద, గొడుగు కింద, బన్ను గురించి ఆలోచించిన ఆ కాసేపటి సంతోషం. అది వస్తుంది, వంటింట్లో కుక్కర్ కూత ఆగినప్పుడు వస్తుంది, రాత్రి ఫ్యాను ఆగినప్పుడు వస్తుంది, చర్చిలో పాట అయిపోయి అందరూ ప్రార్థనకు తల వంచిన ఆ నిమిషంలో వస్తుంది.

"అవ్వా." తలుపు అవతల నుంచి. "నువ్వు... పోయినవా?"

"ఈడనే ఉన్న." దయమ్మ తలుపుకు ఆనుకుని నేల మీద కూలబడింది. "గట్టిగైతాందా ఛాతిల?"

టీవీ ఆగిపోయింది. ఇప్పుడు ఈల దాచుకోవడానికి ఏమీ లేదు.

"దవాఖానకు పోమని... ఒట్టెయ్యి."

ఎంత తేలికో ఆ మాట. ఒట్టు అనేస్తే గొళ్లెం తీస్తుంది, తీయగానే పట్టుకోవచ్చు, ఐస్‌క్రీం అని అనలేదా, చెప్పులని అనలేదా, ప్రాణం కంటే ఎక్కువా ఒక అబద్ధం. నాలుక మీదికి వచ్చింది. ఊచ నుంచి విడదీసిన వేళ్లు గుర్తొచ్చాయి. ఆమె ఆ మాట మింగింది.

"ఒట్టెయ్య బిడ్డా. అవసరమైతే పోవాల్సిందే. అబద్ధం చెప్ప నీకు ఇగ. ముందు నీలం డబ్బా పీలుద్దాం, డాక్టరమ్మ చెప్పినట్టు చేద్దాం. తక్కువైతే ఇంట్లనే ఉందాం. కాకపోతే పోదాం, నీకు చెప్పే పోదాం. ఇగో ఇప్పుడు నవనాథ్‌కు ఫోన్ చేస్తున్న, నువ్వు ఇనేటట్టే చేస్తున్న." అక్కడే కూర్చుని చేసింది. "నవనాథ్, మా గేటుకాడికి రా నాయనా. బండి బందు చేసి పెట్టు, పొగ రానియ్యకు. పిలిస్తేనే లోపలికి రా, లేకుంటే రావద్దు."

"వస్తున్న అవ్వా, ఫికర్ చెయ్యకు," అన్నాడు నవనాథ్.

తర్వాత ఏమీ లేదు. తలుపు చెక్క, దాని మీద తన చెంప, చెక్క అవతల చిన్న ఈల. తెరవకపోతే. ఒట్టు వేసి ఉంటే ఈపాటికి తెరిచేది. నిజం చెప్పి పిల్లను పోగొట్టుకున్న ముసలిదవుతుందా తను. ఇంకొంచెం ఆగి చూస్తుంది, ఇంకొంచెం, ఆ తర్వాత నవనాథ్‌ను పిలిచి తలుపు విరగ్గొట్టిస్తుంది, ఎవరేమనుకున్నా సరే. గొళ్లెం కదిలింది. ఒకసారి జారి, మళ్లీ కదిలి, వచ్చింది.

పిల్ల దిండును కావలించుకుని నిలబడి ఉంది, భుజాలు చెవుల దాకా ఎత్తుకుని. దయమ్మ దాన్ని దగ్గరికి లాక్కోలేదు. లాక్కుంటే బెదురుతుంది. అలమరలోంచి నీలం డబ్బా, మాస్కు ఉన్న ప్లాస్టిక్ గొట్టం తెచ్చింది, రెండూ తగిలించి ఊపింది. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది. గౌను పైకెత్తి చూసింది, రిబ్కా నేర్పిన ప్రకారం, డొక్కల మధ్య తోలు లోపలికి గుంజుకుంటోందా అని. కొంచెం గుంజుతోంది, మరీ లోతుగా కాదు. పెదాలు చూసింది, ఎర్రగానే ఉన్నాయి. గోళ్లు చూసింది. మాస్కు ముక్కూ నోరూ మూసేలా ఆనించి డబ్బా నొక్కింది, "మెల్లగ తీస్కో, మెల్లగ," అంది, పిల్ల కళ్లు మాస్కు పైనుంచి ఆమెనే చూస్తున్నాయి, ఆగి, మళ్లీ ఊపి, మళ్లీ నొక్కి, నాలుగుసార్లు. చాలు, ఇప్పుడు ఆగి చూడాలి. ఆగడమే కష్టం. డబ్బా నొక్కుతున్నంతసేపు చేతికి పని ఉంది, ఇప్పుడు చేతులు ఖాళీ.

లేచి కిటికీ మూసింది. మూస్తూ పైకి చూసి, "జగదేవమ్మా, కొంచెం సేపు చెరుగుడు ఆపవా, పిల్లకు దమ్ము పడ్తాంది," అంది. చేట ఆగిపోయింది. "ఏనాయ్తు, బరలా?" అని, ఏమైంది, రానా అన్నట్టు కన్నడంలో కంగారుగా అడిగింది జగదేవి. వద్దని చెయ్యి ఊపింది దయమ్మ. వచ్చి పిల్ల పక్కన కూర్చుంది, వీపు మీద చెయ్యి వేసింది, అరచేతి కింద ఈల గజిబిజిగా ఆడుతోంది, తెలిసిన చప్పుడు, ఎంత తెలిసినదంటే అరచేయి దాని వెంట ముందే కదులుతోంది. గదిలో ఇద్దరు పిల్లల ఊపిరి ఉంది. ఒకరిది చేతి కింద, ఒకరిది మూలన, బట్టల స్టాండు దగ్గర, గొడుగు నీడలాంటి నీడలో. అటు చూడలేదు. చూస్తే ఉండడని తెలుసు, అయినా చూడలేదు. ఇప్పుడు కాదు ఎబీ, కొంచెంసేపు ఆగు, నీ వంతు కాదు ఇది, అంది లోపల. గోడ మీద గడియారం ముల్లు పోతున్నట్టే లేదు. ఇరవై నిమిషాలు ఆగి చూడమంది డాక్టరమ్మ, ఇరవై నిమిషాల్లో టెంపో సగం దారి పోతుంది. తగ్గకపోతే మళ్లీ నాలుగుసార్లు, నాలుగు మాటలు కలిపి మాట్లాడలేకపోయినా, పెదాలు నల్లబడినా ఆలోచించకుండా దవాఖాన. అంతా తెలుసు. తెలియడం వేరు, అరచేయి కింద పిల్లను పెట్టుకుని కూర్చోవడం వేరు. ఇరవై నిమిషాలు నిండాక మళ్లీ నొక్కింది, నాలుగుసార్లు. బయట నవనాథ్ ఎవరితోనో ఫోనులో మరాఠీలో మాట్లాడుతున్నాడు, గొంతు తగ్గించి.

అప్పుడు చప్పుడు సన్నబడటం మొదలుపెట్టింది.

అరచేతికి ముందు తెలిసింది. గజిబిజి పలచబడింది, తర్వాత అక్కడక్కడ తెగింది, తర్వాత వెతికితే గాని దొరకలేదు. పిల్ల భుజాలు కిందికి దిగాయి. తల ఆమె భుజం మీదికి వాలింది. చల్లటి నెమ్మది. ఇదే, ఇట్లాగే, ఇంత మెల్లగానే, ఎవరో వేరే ఊరికి నడిచి వెళ్తున్నట్టు. గుండెలో ఆ సంతోషం తల ఎత్తబోయింది, పాడు సంతోషం, దాన్ని గొంతు నొక్కింది. ఏ నెమ్మది ఇది, తగ్గినదా, ఆగిపోయినదా, రెండూ ఒక్కలాగే ఉంటాయి కదా అని దవాఖాన వసారాలో డాక్టరమ్మను అడిగింది తను, నవ్వుతుందేమో అనుకుంది, ఆమె నవ్వలేదు. చప్పుడు వినకండి, మాట్లాడించండి, అంది. మాట ఊపిరి మీదే కదా నడిచేది.

"షెకినా. మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. బళ్లె ఏమైంది ఇయ్యాల?"

పిల్ల మొహం కొద్దిగా ఎత్తింది. "బళ్లెనా. ఇయ్యాల కన్నడ మిస్సు రాలే, గందుకని మూడో తరగతోళ్లను మమ్ముల్ని ఒక్క దగ్గరనే కూసోబెట్టిన్రు, ఆ సంజు లేడా, వాడు నా పెన్సిల్ తీస్కొని నేను తీస్కోలే అంటడు, వాని జేబులనే ఉంది, ముల్లు బయటికి కనబడ్తాంది, అయినా తీస్కోలే అంటడు, నేను మిస్సుకు చెప్తా అంటే చెప్పుకో పో అన్నడు, మల్ల ఇంటర్వెల్‌ల నా దగ్గర చిక్కీ ఉంటే మాత్రం అక్కా అక్కా అని వచ్చిండు, నేను ఇయ్యలే, సగం ఇచ్చిన, కాని ముందు పెన్సిల్ తీస్కున్నంకనే ఇచ్చిన."

ఒక్క మాట కూడా తెగలేదు. మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకుందో కూడా తెలియలేదు. దయమ్మ ఆ మాటల వెంట సంజు జేబు దాకా, చిక్కీ ముక్క దాకా పోయింది, సగం ఇచ్చిన అన్నచోట ఆమె కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి, తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు, ఒక చెయ్యి పిల్ల వీపు మీద, ఇంకోటి పిల్ల చేతిలో ఉన్నాయి.

"అవ్వా, ఏడుస్తున్నవా?"

"మంచి పని చేసినవు. పెన్సిల్ ముందు తీస్కున్నవు చూడు, అది."

కాసేపటికి రిబ్కా ఫోను చేసింది. వెనక ఏడుపులూ పాటా వినబడుతున్నాయి. దయమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది, కిటికీ మరిచిన సంగతి కూడా. "తలుపు తనే తీసిందా అత్తమ్మా?" అని అడిగింది రిబ్కా. తనే తీసింది, అంది దయమ్మ. "వస్తున్న. మల్ల మొదలైతే ఆగకుండ్రి, నవనాథన్న బండిల పోండ్రి. లేకుంటే ఎల్లుండి డాక్టరమ్మకు చూపెడ్దాం," అంది రిబ్కా. నవనాథ్ గేటు దగ్గరి నుంచే, పోవాల్నా అవ్వా, ఉండాల్నా, అని అడిగాడు. కోడలొచ్చేదాకా ఉండు నాయనా, చాయ్ తాగుదువు, అని లోపలి నుంచే అంది. లేవడానికి లేదు, పిల్ల ఒడిలో నిద్రపోయింది.

నిద్రపోయింది. కిటికీ మూసిన గదిలో పగటి వెలుతురు ముదురు తేనెరంగులో ఉంది. జగదేవి చేట చప్పుడు లేదు. నవనాథ్ మాటలు లేవు. పిల్ల ఛాతీ పైకి లేస్తోంది, దిగుతోంది, దయమ్మ చూస్తూనే ఉంది, ఎంత చూసినా కంటికి నమ్మకం కుదరడం లేదు, గౌను ముడత కదులుతోందా, తన చూపే కదులుతోందా. ముక్కు దగ్గర వేలు పెట్టింది, వేలికి వెచ్చగానే తగిలింది, ఆ వెచ్చదనం తన వేలిదేనేమో. నిద్ర లేపకూడదు, అలసిపోయిన పిల్ల. లేపకూడదని తెలుసు. మూలన నీడ ఇంకా ఉంది, అది ఎటూ పోదు, దానికి వేరే ఊరు లేదు.

"షెకినా, బిడ్డా. ఒక్క మాట చెప్పు."

"అబ్బా అవ్వా," అంది పిల్ల కళ్లు తెరవకుండానే, "ఇప్పుడే గదా అంత చెప్పిన, కొంచెం సేపన్న పండుకోనియ్యవా నన్ను."

దయమ్మ పండుకోనిచ్చింది. కాసేపు. మళ్లీ లేపింది.